రేడియేటర్‌లో తేలిన జిడ్డు

ఇంజన్ పని చేయించిన బండిలో మళ్లీ జిడ్డు కనిపించిందంటే ఆ ఇంట్లో ఆ పూట ఎవరికీ అన్నం సహించదు. అప్పు తెచ్చి, బండిని వారాల తరబడి షెడ్డులో పెట్టి, బోర్ చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేయించి ఇంటికి తెచ్చుకుంటారు. కొన్నాళ్లు తిరిగాక ఓ పొద్దున రేడియేటర్ మూత తీస్తే నీళ్ల మీద గోధుమరంగు మీగడ కట్టి ఉంటుంది. వెంటనే నోటికొచ్చే మాట, "హెడ్డు మల్ల పోయింది." దాని వెనకాలే ఇంకో మాట, "ఉస్తాద్ ముంచిండు." ఈ రెండూ నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. నా అనుభవంలో చాలాసార్లు కాలేదు. రెండోసారి ఇంజన్ దించే ముందు ఆ జిడ్డు ఎక్కడిది, ఎప్పటిది అన్నది తేల్చుకోవాలి. అది ఎలా తేల్చుకోవాలో ఈ పూట మీతో చెప్తాను.

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాత వ్యాన్లు ఇంకా బతికే ఉన్నాయి. టెంట్ హౌస్ వాళ్ల దగ్గర, బ్యాండు మేళం వాళ్ల దగ్గర, ఊరూరా సరుకు వేసే వాళ్ల దగ్గర కనిపిస్తాయి. నంబరు ప్లేటు మీద ఏపీ 24 అని ఉంటే నల్లగొండ బండి, ఏపీ 22 అని ఉంటే మహబూబ్‌నగర్ బండి. తెలంగాణ వచ్చాక అవే టీఎస్ 05, టీఎస్ 06 అయ్యాయి. ఈ పాత బండ్లలో నాకు బాగా దగ్గరైంది మెటాడోర్. పుణేలోని బజాజ్ టెంపో కంపెనీ జర్మనీ టెంపో వారి నమూనా తీసుకుని 1969 నుంచి తయారుచేసిన వ్యాన్ అది. ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకుంది. మెటాడోర్‌లో తర్వాత వచ్చిన ఎఫ్ 307 రకానికి మెర్సిడెస్ వారి ఓఎం 616 డీజిల్ ఇంజన్ పెట్టారు. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. జర్మనీలో టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగిన 240డి కార్ల ఇంజన్ అదే. దానికి టర్బో లేదు, కంప్యూటర్ లేదు. అందుకే చిన్న షెడ్డులో కూడా దాన్ని మొత్తం విప్పి మళ్లీ బిగించగల ఉస్తాదులు మన దగ్గర ఉన్నారు. వాళ్ల చేతి మీద నాకు గౌరవం ఉంది. ఇంజన్ పని చెడిపోయిందని అనే ముందు ఆ గౌరవం కొంచెం గుర్తుంచుకోవాలి.

అసలు మన బండ్లకు హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గాస్కెట్ ఎందుకు కొట్టేస్తుందో ముందు చూద్దాం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు దాకా సాఫీగా సాగుతుంది. అక్కడి నుంచి నల్లమల. అడవి దారిలో ఎక్కుడు, మలుపులు, దోమలపెంట దాటాక కృష్ణ దగ్గరికి ఘాటు దిగుడు, డ్యామ్ అవతల మళ్లీ ఎక్కుడు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారి మూసి ఉంటుంది కాబట్టి గేటు అందుకోవాలన్న తొందర ఒకటి. బండి నిండా జనం, పైన సామాను, కింది గేర్లో నిదానంగా ఎక్కుతుంటే రేడియేటర్‌కు తగిలే గాలి తక్కువ. వేడి ముల్లు ఎర్ర గీత దాటుతున్నా "పైకెక్కినంక ఆపుదాం" అంటారు. గాస్కెట్ సగం అక్కడే పోతుంది.

రెండో సంగతి నీళ్లు. నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మనుషుల ఎముకలను వంచిన ఆ నీటి బాధ ఇంకెవరికీ రాకూడదు. ఇంజన్ విషయానికొస్తే ఫ్లోరైడ్ కన్నా ఆ నీళ్లలో కరిగిన సున్నం, ఉప్పులే ముప్పు. బోరు నీళ్లు రేడియేటర్‌లో పోసి నడిపితే తెల్లటి పొర లోపలి గోడలకు పడుతుంది. గీజర్ కాయిల్ విప్పి చూసినవాళ్లకు ఆ పొర సంగతి తెలుసు. హెడ్డులో వాల్వుల మధ్య సందు అసలే ఇరుకు. అక్కడ పొర కడితే ఇనుము చల్లబడదు, పగులు వస్తుంది.

మూడోది రేడియేటర్ మూత. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత స్ప్రింగు లోపల 0.9 బార్ ఒత్తిడి నిలిపితే అవే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు చచ్చిన మూతతో ఘాటు ఎక్కితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంజన్ మీద అంత డబ్బు పెట్టి, పాత మూతే మళ్లీ బిగించిన బండ్లు ఎన్ని చూశానో.

ఇక జిడ్డు దగ్గరికి వద్దాం. రోడ్డు మీద నడిచే ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి మామూలుగా 3 బార్ పైమాటే. నీళ్ల ఒత్తిడి ఎంత పెరిగినా 1 బార్ లోపే. కాబట్టి ఆయిల్ దారికీ నీటి దారికీ మధ్య గాస్కెట్ తెగితే, బండి నడిచేటప్పుడు ఆయిలే నీళ్లలోకి పోతుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ఒత్తిడి సున్నా అవుతుంది. నీళ్లు మాత్రం ఇంకా వేడిగా, ఒత్తిడిలో ఉంటాయి. అప్పుడు నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. అందుకే నిజమైన లీకు ఎక్కువసార్లు రెండు వైపులా జాడ వదులుతుంది. రేడియేటర్‌లో జిడ్డు తేలుతూ, ఆయిల్ గేజు మాత్రం శుభ్రంగా ఉంటే నేను వెంటనే గాస్కెట్‌ను అనుమానించను.

కల్వకుర్తి వైపు టెంట్ హౌస్ నడిపే ఒక అన్న తన మెటాడోర్‌తో నా దగ్గరికొచ్చిన రోజు చెప్తాను. షామియానా గుంజలు బండిలోనే ఉన్నాయి, మర్నాడు పెళ్లి ఉంది.

"సార్, ఇంజన్ జేపిచ్చి నెల గాలె. మల్ల నూనె తేలింది. దించుమంటరా?" అన్నాడు.

"దించుడు ఎప్పుడన్న దించొచ్చన్నా. ముందుగాల గేజు చూపియ్యి" అన్నాను.

బండి సమంగా ఉన్న చోట, చల్లటి ఇంజన్ మీద గేజు తీశాం. ఆయిల్ నల్లగానే ఉంది, మట్టం మొన్న పెట్టిన గీత దగ్గరే ఉంది. ఆయిల్ పోసే మూత అడుగున తడి లేదు. రేడియేటర్‌లో నీటి మట్టం కూడా తగ్గలేదు. మూత తీసే ఉంచి స్టార్ట్ చేయమన్నాను. సిలిండర్లోని మంట నీటి దారిలోకి తోస్తుంటే బుడగలు ఆగకుండా వస్తాయి, నీళ్లు ఎగదన్నుతాయి. అవేమీ లేవు. ఆపి, మూత బిగించి మళ్లీ స్టార్ట్ చేసి, పై హోస్ పైపు చేత్తో పట్టుకుని ఉన్నాను. ఇంజన్ వేడెక్కకముందే ఆ పైపు గట్టిపడితే గ్యాసు లోపలికి పోతున్నట్టే. పైపు మెత్తగానే ఉంది. మెత్తగా అంటే మరీ మెత్తగా, నొక్కితే వేళ్లు దిగేంతగా ఉంది. పాత రబ్బరు ఆయిల్‌లో నానితే అలాగే ఉబ్బి జావగారుతుంది. ఆ పైపే నాకు అసలు కథ చెప్పింది. ఇంజన్ కొత్తగా చేశారు, పైపులు మాత్రం పాతవే వేశారు. అంటే ఆయిల్ కలిసిన పాత నీళ్లు తాగిన పైపులే మళ్లీ ఎక్కాయి.

ఉస్తాద్‌కు ఫోన్ చేయించాను. తిట్టడానికి కాదు, అడగడానికి. ఇంజన్ దించకముందు, గాస్కెట్ పోయాక బండి ఎన్ని రోజులు నడిచింది? వారం పైనే నడిచిందన్నాడు. రేడియేటర్ లోపల కడిగారా? బయటి నుంచి నీళ్లు కొట్టి జాలీ శుభ్రం చేశామన్నాడు. బ్లాకు లోపలి నీటి దారులు? లేత్ షాపు వాళ్లు బోర్ చేశాక కడిగి ఉంటారనుకున్నానన్నాడు. లేత్ షాపువాళ్లు కడిగేది సిలిండర్లను, బేరింగు చోట్లను. నీటి దారుల్లో పట్టిన మడ్డి ఎవరి లెక్కలోనూ లేదు. ఇందులో మోసం లేదు. ఇద్దరి పనికీ మధ్య ఒక పని ఎవరి చేతికీ రాకుండా జారిపోయింది.

మడ్డి కడగడం ఓపిక పని. థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టాం. నురగ తక్కువ వచ్చే వాషింగ్ మెషిన్ డిటర్జెంట్‌ను వేడి నీళ్లలో కలిపి పోశాం. కాస్టిక్ సోడా మాత్రం దగ్గరికి రానివ్వకండి, అల్యూమినియం భాగాలను తినేస్తుంది. బండిని ఓ ఇరవై నిమిషాలు నడిపి, చేయి కాలనంత చల్లబడ్డాక కింది పైపు విప్పాం. వచ్చిన నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. వాటిని మోరీలో వదలకుండా బకెట్లలో పట్టాం. శ్రోతలు ఈ మాట గుర్తుంచుకోవాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలో మేకలో తాగితే చస్తాయి. మళ్లీ పోశాం, మళ్లీ తీశాం. తీసిన నీళ్లు తేటగా వచ్చేదాకా అదే పని. ఆ తర్వాత ఉత్త నీళ్లతో సబ్బు పోయేలా కడిగి, పైపులన్నీ కొత్తవి వేసి, కొత్త మూత పెట్టి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ నింపాం.

అంతటితో అయిపోయిందని నేను చెప్పలేదు. తెల్లటి పాత ధోవతి చింపి చిన్న గుడ్డ ముక్కలు ఇచ్చాను. ప్రతి 100 కిలోమీటర్లకు, పొద్దున చల్లటి ఇంజన్ మీద మూత తీసి, మెడ లోపలి అంచును ఒక ముక్కతో తుడవమన్నాను. ఆ ముక్క మీద బాల్‌పెన్నుతో కిలోమీటర్ల లెక్క రాసి దాచమన్నాను. మొదటి ముక్క మీద వేలెడంత గోధుమ మరక పడింది. తర్వాతది దానికన్నా పలచన. ఆ తర్వాతి ముక్కల్లో అంచున సన్నటి గీత, చివరికి అదీ లేదు. టెంట్ హౌస్ గోడకు మేకు కొట్టి వాటిని వరుసగా గుచ్చి పెట్టాడాయన. ఉస్తాద్ వచ్చి చూశాడు. ఇద్దరి మధ్య మాటలు మళ్లీ మామూలయ్యాయి. మరక తగ్గుతూ పోతే పాత మడ్డి. తగ్గకుండా నిలిచినా, పెరిగినా లీకు. ఇది తేల్చడానికి ఇంజన్ మీద ఒక్క బోల్టు తిప్పనక్కర్లేదు.

జిడ్డు రంగు కూడా చూడాలి. లేత్ మిషిన్ల మీద వాడే తెల్లటి సాల్యుబుల్ ఆయిల్‌ను తుప్పు పట్టకుండా కొందరు రేడియేటర్‌లో పోస్తారు. అది పోస్తే నీళ్లన్నీ తెల్లబడతాయి, అంచున జిడ్డు పేరుతుంది. లీకు ఆపే మందులు వేసినా లోపల ముద్దలు తేలుతాయి. కాబట్టి ఎవరైనా ఏమైనా పోశారా అని ముందే అడగాలి. ఇంకొకటి. ఫోన్లో వీడియోలు చూసి, గేర్ బాక్సు ఆయిల్ రేడియేటర్‌లో కలుస్తోందని భయపడేవాళ్లున్నారు. ఆటోమేటిక్ గేరున్న కార్లలో రేడియేటర్ లోపలే ఆ ఆయిల్ చల్లబరిచే గొట్టం ఉంటుంది. మన మెటాడోర్‌కు చేత్తో వేసే గేరు, ఆ గొట్టమే లేదు.

ఆయిల్ పోసే మూత అడుగున తెల్లటి పేస్టు కనిపిస్తే? ఇది వానాకాలంలో, మార్గశిరం చలిలో ఎక్కువ. బండిని రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి ఆవిరి మూత దగ్గర నీరై ఆయిల్‌తో కలుస్తుంది. ఇక్కడ మన ఉస్తాదులకు ఒక మాట మర్యాదగా చెప్పాలి. ఎండ ప్రాంతమని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అది లేని ఇంజన్ చలికాలంలో ఎప్పటికీ వేడెక్కదు, ఆయిల్ మడ్డి కడుతుంది, రింగులు అరుగుతాయి. పక్క దారి ఉన్న ఇంజన్లలో థర్మోస్టాట్ తీస్తే నీళ్లలో చాలా భాగం రేడియేటర్‌కు పోకుండా ఆ పక్క దారిలోనే తిరుగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ గరం అవుతుంది. దయచేసి పాతది చెడిపోతే కొత్తది వేయండి, తీసేయకండి.

ఆ పేస్టు ఆవిరిదా, లోపలికి దిగిన నీళ్లదా అన్న అనుమానం తీరాలంటే పెనం చాలు. వంటకు వాడని పాత పెనం తీసుకోండి. నీటి చుక్క వేస్తే చుర్రుమనేంత వేడి చేసి, మూత మీది పేస్టు కాదు, గేజు కమ్మి చివరనున్న ఆయిల్ ఒక చుక్క దాని మీద వేయండి. మొహం దూరంగా పెట్టండి. ఊరికే పొగ వస్తే నీళ్లు లేవు. చిటపటలాడితే ఆయిల్ ఛాంబర్‌లోకి నీళ్లు దిగాయి. అప్పుడు బండి నడపకండి, బేరింగులు పోతాయి.

గేజు మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందా? వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే డీజిల్ పంపు సీలు దగ్గర నుంచి డీజిల్, ఆయిల్ ఛాంబర్‌లోకి జారుతూ ఉండొచ్చు. ఆయిల్ పలచబడుతుంది, అదీ బేరింగులకు ముప్పే.

కొత్తగా బోర్ చేసిన ఇంజన్‌లో ఇంకో జిడ్డు ఉంటుంది. అది బ్రీతర్ గొట్టం దగ్గర, గాలి పీల్చే పైపులో తడి. రింగులు వేసిన రోజే సిలిండర్ గోడకు కుదురుకోవు. హోనింగ్ చేసినప్పుడు గోడ మీద పడ్డ అడ్డదిడ్డం గీతల్లో ఆయిల్ నిలిచి, రింగు అంచు నెమ్మదిగా అరిగి సరిపోవాలి. అందుకు మంట ఒత్తిడి కావాలి. కొత్త ఇంజన్ కదా అని గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచి "మెత్తగా" నడిపితే ఆ గీతలు అద్దంలా నునుపెక్కి రింగులు ఎప్పటికీ కుదురుకోవు. మొదటి వెయ్యి కిలోమీటర్లు మోస్తరు బరువుతో, స్పీడు మారుస్తూ నడపాలి. ఘాటు మీద నిండు లోడు వద్దు, షెడ్డు ముందు గంటల ఐడిలూ వద్దు. వెయ్యి, రెండు వేల కిలోమీటర్లలో బ్రీతర్ తడి తగ్గుతూ వస్తే మంచిదే. తగ్గకపోతే నాలుగు సిలిండర్లకు కంప్రెషన్ చూపించండి. నాలుగు అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఒకటి బాగా తక్కువుంటే తప్పు ఆ సిలిండర్‌లో ఉంది.

సైలెన్సర్ మూతిలో నల్లటి తడి, నీలం పొగ అయితే ఆయిల్ కాలుతున్నట్టు. దిగుడులో కాలు తీసి, కింద మళ్లీ రేస్ ఇవ్వగానే ఒక్కసారిగా నీలం పొగ వస్తే వాల్వు గైడ్లు, వాటి సీళ్లు చూడాలి. ఇంజన్ బయటి జిడ్డైతే ఇంకా సులువు. మొత్తం కడిగి ఆరబెట్టి, అనుమానమున్న చోట టాల్కమ్ పౌడర్ చల్లి పది కిలోమీటర్లు తిప్పండి. ఏ చోట మొదట తడిసిందో పౌడరే చూపిస్తుంది. ఆయిల్ కిందికి కారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి ఎక్కువ తడిసిన చోటును కాకుండా, అన్నిటికన్నా పైన తడిసిన చోటును చూడండి.

ఇన్ని చూసినా మరక పెరుగుతోంది, ఆయిల్ తగ్గుతోంది అనుకోండి. అప్పుడు హెడ్ దించాల్సిందే. దించే ముందు రేడియేటర్‌కు చేతి పంపు పెట్టి 1 బార్ ఒత్తిడి నిలిపి ఓ పావుగంట వదిలితే ముల్లు పడిపోతుందో లేదో తెలుస్తుంది. ముల్లు పడి, బయట ఎక్కడా చుక్క కారకపోతే నీళ్లు లోపలికే పోతున్నాయి.

దించిన గాస్కెట్‌ను మూలకు విసిరేయకండి. వెలుతురులో పెట్టి ఉస్తాదూ మీరూ కలిసి చూడండి. రెండు సిలిండర్ల మధ్య నల్లగా కాలిన గీత ఉంటే మంట దాటింది. ఆయిల్ రంధ్రం నుంచి నీటి రంధ్రం దాకా జిడ్డు దారి ఉంటే అదీ కనిపిస్తుంది. గాస్కెట్ అంతటా ఒకేలా అచ్చు పడి ఉండి, ఎక్కడా దారి లేదంటే తప్పు హెడ్డులోని పగులుది కావచ్చు. అప్పుడు హెడ్‌ను లేత్ షాపులో వేడి నీళ్ల తొట్టిలో ముంచి, గాలి ఒత్తిడి పెట్టి బుడగలు చూడాలి. ఉక్కు స్కేలు హెడ్ మీద అడ్డంగా, ఐమూలగా పెట్టి, కింద 0.1 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు దూరుతోందా చూడాలి. దూరితే ఫేసింగ్ చేయించాలి. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ ఒక్క చుక్క కూడా మిగలకుండా గాలి కొట్టి ఆరబెట్టాలి. లేకపోతే బోల్టు బిగించేకొద్దీ ఆ ద్రవం నలిగి బ్లాకునే పగలగొడుతుంది. నడిమి నుంచి అంచులకు, విడతల వారీగా, కంపెనీ పుస్తకంలో చెప్పిన టార్కుకు బిగించాలి. ఈసారి రేడియేటర్‌నూ బ్లాకు నీటి దారులనూ లోపల కడగడం ఎవరి పనో, పైపులు ఎవరు తేవాలో, బండి తిరిగి ఇచ్చిన రోజు మీటరు ఎంతుందో ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి.